ఆడి మాసంలో ముగిసిన వారంటీ

2024 ఆగస్టు మూడో వారం. హోసూరులో బాగలూరు రోడ్డు మీద నా గ్యారేజీ. అన్ని కంపెనీల బండ్లూ బాగుచేస్తాం కాబట్టి వ్యాపార భాషలో మాది మల్టీబ్రాండ్ వర్క్‌షాప్. వారంటీ, అంటే కంపెనీ తన ఖర్చుతో బండి బాగుచేసి ఇచ్చే గడువు, ఉన్నన్నాళ్ళూ మా వైపు ఎవరూ చూడరు. గడువు ముగిసిన మర్నాడు వస్తారు. వాళ్ళని నడకలోనే గుర్తుపట్టవచ్చు. బండి దిగి, రెండడుగులు వేసి, ఆగి, మా బోర్డు మొత్తం చదివి, నిట్టూర్చి లోపలికి వస్తారు.

వెంకటరామప్ప అలాగే వచ్చాడు. కెలమంగలం పక్క పల్లెలో మూడెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, అప్పు మీద కొన్న ఏడు సీట్ల డీజిల్ బండి ఆయన ఆస్తి. వారానికి మూడు రోజులు బండిని బాడుగకు తిప్పి ఆ డబ్బుతోనే నెలవాయిదా కడతాడు. ఆ బండి ఇప్పుడు ఎంత తొక్కినా నలభై దాటడం లేదు. చిన్న ఎత్తు వస్తే మూలుగుతోంది. స్పీడు ముల్లు పక్కన ఇంజిన్ బొమ్మ పసుపురంగులో వెలుగుతోంది.

"కంపెనీ సర్వీసు సెంటర్లో చూపించినామప్పా. టర్బో పోయిందంట. లక్షా ముప్పై ఎనిమిది వేలు అయితాదంట" అన్నాడు. ఆ అంకె చెప్పేటప్పుడు ఆయన గొంతు కూడా నలభై దాటలేదు.

టర్బో అంటే టర్బోచార్జర్. ఇంజిన్ వదిలే పొగతోనే ఒక చిన్న చక్రం గిర్రున తిరుగుతుంది. అది బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. గాలి ఎంత పోతే బలం అంత. గాలి తగ్గితే కంప్యూటరు భయపడి ఇంజిన్‌ని కుంటి నడక నడిపిస్తుంది. దాన్ని మేము లింప్ మోడ్ అంటాం.

"వారంటీ ఎప్పుడు ముగిసింది?"

"ఆగస్టు రెండో తేదీకి."

"లైటు ఎప్పుడు వెలిగింది?"

"జూలైలో. రెండో వారం."

నేను సరిగా విన్నానో లేదో అని మళ్ళీ అడిగాను. మళ్ళీ జూలై అనే చెప్పాడు.

"అయితే వారంటీ ఉండగానే వెలిగింది! మూడు వారాలు ఏం చేస్తున్నారు వెంకటరామప్పా?"

"ఆషాఢం కదప్పా. ఇనుము విప్పకూడదు, ఇంటికి అచ్చిరాదు అని మా జోసియరు చెప్పినారు."

"ఆషాఢం ఆగస్టు మొదటి వారంలోనే అయిపోయింది."

"అయిపోయింది. ఆడి అయిపోవాలి కదా?"

ఇక్కడివాళ్ళు కాని పాఠకులకు ఒక మాట చెప్పాలి. మాది సరిహద్దు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, సంతలో కన్నడం. ఈ మూడు భాషలూ రావడం వల్ల మాకు లాభాలు ఉన్నాయి. నష్టం ఏమిటంటే మూడు పంచాంగాల చెడ్డరోజులు కూడా మావే. తెలుగు ఆషాఢం అమావాస్యకు పోతుంది. తమిళ ఆడి సంక్రమణం లెక్కన నడుస్తుంది కాబట్టి ఆగస్టు నడిమి దాకా పోదు. వేరే ఊళ్ళలో నాలుగు వారాలుండే అశుభం మా దగ్గర ఆరు వారాలు కాపురం చేస్తుంది. సరిగ్గా ఆ ఆరు వారాల మధ్యలో వెంకటరామప్ప వారంటీ కన్నుమూసింది.

"మరి బండి కొన్నది ఎప్పుడు?"

"ఆడి పద్దెనిమిదో నాడు. చానా మంచి దినం."

"అంటే ఆడిలో కొనవచ్చు గానీ విప్పకూడదా?"

"కొనేది వేరే, విప్పేది వేరే కదప్పా" అన్నాడు, ఇంత చిన్న విషయం తెలియనివాడికి బండి ఇవ్వవచ్చా అన్నట్టు చూస్తూ.

నాకు ఇరవై ఏళ్ళ వయసులో కృష్ణగిరిలో ఒక హేతువాద సంఘం పరిచయమైంది. అక్కడ ఆదివారాలు వాదాలు జరిగేవి. ఎదుటివాడి మాటలో బొక్క వెతకడం, దొరికాక దాన్ని పెద్దది చేయడం అక్కడే నేర్చుకున్నాను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. వాళ్ళ జోస్యుడి నక్షత్రాలకూ టర్బోకూ సంబంధం ఏమిటని ముప్పావు గంట ఉపన్యాసం ఇచ్చాను. వెంకటరామప్ప ఓపికగా విన్నాడు. చివర్లో ఒకే ప్రశ్న వేశాడు.

"ఇదంతా సరే. మా జోసియరు మాత్రం ఆయన కారును ఆడిలోనే సర్వీసుకు ఇచ్చినారప్పా. ఆయనకెట్లా ఏమీ కాలేదు?"

"మీరు ఆయన్ని అడగలేదా?"

"అడిగినాను. ఆడిలో కంపెనీవాళ్ళు పది పర్సెంట్ తగ్గిస్తారంట."

అసలు చిక్కు ఇది. వెంకటరామప్ప తోటలో బోరు మోటారు కాలిపోయింది. కొత్త మోటారుకని లక్షా పదివేలు చేర్చి పెట్టుకున్నారు. తోటకు నీళ్ళు లేక ఆకు వాడిపోతోంది. సోమవారం కొత్త విడత పురుగులు వస్తాయి. ఆకు లేకపోతే అవి బతకవు. ఆ డబ్బు టర్బోకు పెడితే తోట ఎండుతుంది. మోటారుకు పెడితే బండి ఆగుతుంది, వాయిదా ఆగుతుంది, తర్వాత బ్యాంకువాళ్ళు బండిని తీసుకుపోతారు. "రెండిట్లో ఏది చంపాలో చెప్పప్పా" అన్నాడు.

మొదట కంపెనీ మీదే ప్రయత్నం చేద్దామనుకున్నాను. గడువు కొద్ది రోజులు దాటిన కేసుల్లో కంపెనీలు ఒక్కోసారి దయతలచి ఖర్చులో సగం భరిస్తాయి. దీన్ని గుడ్‌విల్ వారంటీ అంటారు. పైగా నా స్కానర్, అంటే బండి కంప్యూటరుతో మాట్లాడే యంత్రం, తగిలిస్తే మొదటిసారి లైటు వెలిగినప్పటి కిలోమీటర్ల అంకె దొరికింది. బాడుగ రసీదులతో పోల్చితే అది జూలై అని తేలిపోతుంది. చేతిలో సాక్ష్యం ఉంది కదా అని సర్వీసు సెంటరుకు ఫోన్ చేశాను.

సర్వీసు అడ్వైజర్ అంతా విని, "మీరు చెప్పేది కరెక్టే సార్. గడువులోపల ఎందుకు తేలేదో కారణం రాసి ఈమెయిల్ పంపించండి. పైకి పంపుతాను" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నా పరిస్థితి అర్థమైంది. కారణం ఒకటే ఉంది. దాన్ని రాయవలసినవాడిని నేను.

ముప్పై ఏళ్ళుగా ముహూర్తాలనూ రాహుకాలాలనూ ఉతికి ఆరేసిన చేత్తో, ఆడి మాసంలో ఇనుము విప్పకపోవడం ఈ ప్రాంతపు రైతు కుటుంబాల గౌరవనీయమైన ఆచారమని, తరతరాల విశ్వాసమని, దాన్ని గుర్తించడం స్థానిక వినియోగదారుల పట్ల కంపెనీ మర్యాద అని రెండు పేజీలు రాశాను. రాస్తూ రాస్తూ ఒకచోట నాకే కళ్ళు చెమర్చాయి. మా ఇద్దరు ఫిట్టర్లూ నా భుజం మీదుగా చదివి, వెళ్ళి ఒక బండి కింద దూరి చాలాసేపు నవ్వారు. వెంకటరామప్ప మాత్రం చదివించుకుని విని, "ఇంత బాగా తెలిసినవారు ఆ పొద్దు నన్ను అన్ని తిట్లు ఎందుకప్పా తిట్టినారు?" అన్నాడు.

రెండు రోజులకు జవాబు వచ్చింది. మీ ఆచారాన్ని మేము గౌరవిస్తాం, అయితే ఆడి మాసమంతా మా కేంద్రం తెరిచే ఉంది, ప్రత్యేక తగ్గింపు కూడా ఇచ్చాం, కాబట్టి వీలుకాదు. జోస్యుడికి పనికొచ్చిన పది పర్సెంటే మా నెత్తిన పడింది.

ఇక బండి నా చేతికే వచ్చింది. బానెట్ ఎత్తాను. లోపల ఇంజిన్ కాదు, గర్భగుడి. ఇంజిన్ మూత మీద పసుపు, కుంకుమ, మూడు అడ్డగీతల విభూతి. బ్యాటరీ పక్కన ఎండి గోలీకాయంత అయిన నిమ్మకాయ. గాలి లోపలికి పోయే గొట్టానికి పసుపుదారం, దానికి ఒక తాయెత్తు. ఏమిటివన్నీ అంటే, ప్రతి శుక్రవారం వాళ్ళ ఇంటావిడ గౌరమ్మ బానెట్ ఎత్తి విభూతి పెట్టి కర్పూరం వెలిగిస్తుందని చెప్పాడు.

నా బుర్రలో అప్పుడు ఒక దీపం వెలిగింది. విభూతి! సన్నటి బూడిద. మూడేళ్ళలో నూటయాభై శుక్రవారాలు. గాలి గొట్టం దగ్గర చల్లిన బూడిదను ఇంజిన్ పీల్చుకుంది. నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే టర్బో రెక్కలను ఆ బూడిద అరగదీసింది. ఇంతకన్నా శుభ్రమైన నిరూపణ ఉంటుందా? మూఢనమ్మకం ఒక రైతు బతుకును ఎలా తినేస్తుందో చెప్పే కథ నట్లూ బోల్టులతో సహా నా ముందు నిలబడింది. ఒక మాసపత్రికకు వ్యాసం పంపాలని శీర్షిక కూడా ఖాయం చేసుకున్నాను: విభూతి తిన్న టర్బో.

పరీక్షలు చేయలేదని కాదు. స్కానర్ 'అండర్‌బూస్ట్' అంది. అంటే టర్బో చాలినంత గాలి ఒత్తడం లేదు. గొట్టాలు ఎక్కడా లీకు లేవు. ఎయిర్ ఫిల్టర్, అంటే గాలిలో దుమ్మును ఆపే అట్ట జల్లెడ, తీసి చూశాను. కొత్తదానిలా తెల్లగా ఉంది. మే నెలలో మార్చినట్టు బిల్లు కూడా ఉంది. టర్బో చక్రాన్ని వేలితో ఊపి చూశాను. కొంచెం ఆడింది. మామూలుగా కొంచెం ఆడుతుంది. ఆ రోజు నాకు ఎక్కువ ఆడినట్టు కనిపించింది. నాకు కావలసింది అదే మరి.

బెంగళూరు నుంచి విడిభాగం తెప్పించి, కూలితో కలిపి తొంభై రెండు వేలు అవుతుందని ఎస్టిమేట్ రాసిచ్చాను. అడ్వాన్సు తెస్తే ఆర్డర్ పెడతానన్నాను.

మర్నాడు ఉదయం గౌరమ్మ కూడా వచ్చింది. యాభై ఏళ్ళు ఉంటాయి. చంకలో గుడ్డ సంచి, అందులో మోటారు డబ్బు. సంచిని నా బల్ల మీద పెట్టింది కానీ చెయ్యి తీయలేదు.

"చెడిపోయింది ఏదో ఒకసారి చూపించప్పా."

"మీకు అర్థం కాదమ్మా. లోపల ఉంటుంది."

"కోడిపిల్లను కొన్నా ఎత్తి కింద చూసి కొంటాము. తొంభై రెండు వేలు పెట్టేది, చూడకుండా ఎట్లా పెట్టేది?"

సరే, ఇదీ ఒక అవకాశమే అనుకుని బానెట్ దగ్గర నిలబడి మొదలుపెట్టాను. గాలి ఎటు నుంచి వస్తుంది, ఫిల్టర్ ఎందుకు, టర్బో ఏం చేస్తుంది, ఆమె పెట్టిన విభూతి ఎలా దాని రెక్కలు అరగదీసింది, అన్నీ వరసగా చెప్పాను. వెంకటరామప్ప భార్య వైపు కోపంగా చూశాడు. "నీ విభూతేనే ఇదంతా! శుక్రవారం శుక్రవారం కొడుకుకు పూసినట్టు పూస్తివి!"

గౌరమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. ఫిల్టర్ డబ్బా తెరిచి చూపించమంది. చూపించాను. ఆ తెల్లటి అట్టను చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి, కొంగును చూసుకుంది.

"ఇది విభూతిని లోపలికి పోనిస్తాదా?"

"ఆపుతుంది. కానీ..."

"ఆపితే దీని మీద ఉండాలి కదా. యాడుంది?"

నేను అట్టను తిప్పి రెండో వైపు చూశాను.

"విభూతి పోనీ. దుమ్ము యాడ? మే నెలలో వేసినారంటివి. మూడు నెల్లు ఈ బండి మా ఊరి రోడ్ల మీద తిరిగింది. మా ఇంట్లో కిటికీకి కట్టిన తెల్లగుడ్డ ఎనిమిది దినాలకు ఎర్రగా అయిపోతాది. ఇది మూడు నెల్లకు ఇంత తెల్లగా ఎట్లుంది? దీంట్లోకి అసలు గాలి వస్తా ఉందా?"

గ్యారేజీలో అందరూ చేస్తున్న పని ఆపారు. శుభ్రమైన ఫిల్టర్ అంటే బాగున్న ఫిల్టర్ అని చదువుకున్నవాడిని నేను. శుభ్రమైన ఫిల్టర్ అంటే పని చేయని ఫిల్టర్ కూడా కావచ్చని ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా తోచలేదు.

ఫిల్టర్ డబ్బాకు ముందు ఇంకొక గొట్టం ఉంటుంది. హెడ్‌లైట్ వెనక నుంచి వంపు తిరిగి వస్తుంది. బయటి గాలి మొదట దూరేది దాంట్లోనే. దాన్ని చూడాలంటే ముందు బంపర్ విప్పాలి. అందుకే సర్వీసు సెంటర్ చూడలేదు, నేనూ చూడలేదు. విప్పి గొట్టం కిందికి వంచి తట్టాను. ఏమీ రాలేదు. వైరు వంచి లోపలికి పెట్టి లాగాను. మెల్లగా, పొడవుగా, తెల్లటి మెత్తటి ముద్ద ఒకటి బయటికి వచ్చింది. దిండులో సగం ఉంది.

"అయ్యో, ఇది మా గూళ్ళ నూగు కదా!" అంది గౌరమ్మ.

పట్టుగూళ్ళు మార్కెట్‌కు పంపే ముందు వాటి మీద పిచ్చిదారంలా ఉండే నూగును ఒలిచేస్తారు. ఆ నూగు షెడ్డు పక్కన కుప్పగా పడి ఉంటుంది. బండి నిలిపేది ఆ షెడ్డు కిందే. ఒక ఎలుక ఆ నూగును ఓపికగా మోసుకొచ్చి గొట్టంలో కాపురం పెట్టింది. గూడు చిన్నగా ఉన్నన్నాళ్ళూ దుమ్మును ఆపింది, జూలైకి పెద్దదై గాలినీ ఆపింది. ముద్ద విప్పితే మధ్యలో చక్కటి గుంట, గుంటలో రాగిగింజలు. ఎలుక మాత్రం లేదు. ఇంజిన్ చప్పుడు నచ్చక ఇల్లు మారిందేమో.

ఓటమిని ఒప్పుకోవడం మా సంఘంలో నేర్పించలేదు. చివరి ప్రయత్నంగా, "పూజకు కొబ్బరిచిప్పలు పెట్టి ఉంటారు. వాటి వాసనకే ఎలుక వచ్చింది" అన్నాను.

"కొబ్బరి మేము తినేస్తామప్పా. ఎలుకకు పెట్టేంత యాడుంది మా దగ్గర?" అంది ఆమె.

గొట్టం కడిగి, ఆరబెట్టి, బిగించి, స్కానర్‌తో పాత తప్పును చెరిపేసి బండిని రోడ్డెక్కించాం. డెంకణికోట రోడ్డులో మొదటి ఎత్తు రాగానే నేను కాలు గట్టిగా నొక్కాను. ముల్లు నలభై దాటింది, అరవై దాటింది, ఎనభై దగ్గర వెనక సీటులోంచి గౌరమ్మ, "చాలప్పా, నిదానంగా పో, నాకు ఉండేది ఒక్క మొగుడే" అంది. ముందు సీటులో వెంకటరామప్ప నవ్వాడు. వారం రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

కూలి తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. వద్దన్నాను. గౌరమ్మ ఒప్పుకోలేదు. బంపర్ విప్పి బిగించిన కూలి ఎనిమిది వందలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, సంచి చంకలో పెట్టుకుంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"మా దేవుణ్ణి నువ్వు నమ్మకపోతే పరవాలేదప్పా. ఆయన ఏమీ అనుకోడు. కానీ ఆ స్కానర్ మిషన్ని ఎందుకు అంతగా నమ్మినావు?"

ఆ సాయంత్రమే అదే బండిలో కొత్త మోటారు వేసుకుని పల్లెకు పోయారు. సోమవారం పురుగులు వచ్చాయనీ, తోటకు నీళ్ళు పారుతున్నాయనీ వెంకటరామప్ప ఫోన్ చేసి చెప్పాడు.

చాలా రోజులు నన్ను కుదిపిన విషయం ఎలుక కాదు, వేరే ఒకటి. గౌరమ్మ ఆ రోజు రాకపోయి ఉంటే నేను కొత్త టర్బో బిగించేవాణ్ణి. దాన్ని బిగించాలన్నా ముందు వైపు అంతా విప్పాలి, ఆ గొట్టం ఊడదీయాలి. అప్పుడు ముద్ద బయటపడేది. నేను దాన్ని చెత్తలో పారేసి ఉండేవాణ్ణి. బండి ఎనభైలో పరుగెత్తేది. టర్బో మార్చాక బాగుపడింది కాబట్టి టర్బోయే చెడిపోయిందని వాళ్ళు నమ్మేవాళ్ళు. అంతకన్నా ముఖ్యం, నేను నమ్మేవాణ్ణి. మొక్కు చెల్లించాక జ్వరం తగ్గింది కాబట్టి మొక్కే తగ్గించిందనే మనిషికీ నాకూ తేడా ఏమిటి? ఆ మనిషి పోగొట్టుకునేది ఒక కొబ్బరికాయే. నేను వెంకటరామప్ప చేత తోటను పోగొట్టించేవాణ్ణి. పైగా విభూతి మీద వ్యాసం రాసి నలుగురికి బుద్ధి చెప్పేవాణ్ణి.

ఆషాఢం, ఆడి విషయంలో నా మాట మారలేదు. లైటు వెలిగితే ఆ వారంలోనే బండి తీసుకుపోండి, గడువు ఉంటే ఇచ్చిన తేదీ రాయించుకోండి, నెల ఏదైనా సరే. ఇది కస్టమర్లకు ఇప్పటికీ గొంతు చించుకుని చెబుతాను. మారింది నా పద్ధతి. పదివేలు దాటే ఏ ఎస్టిమేట్ అయినా ఇప్పుడు నేను ముందు రాయను. బండిగలవాళ్ళను బానెట్ దగ్గరికి పిలిచి, చెడిపోయిన వస్తువు చేతికిచ్చి, ఎందుకు చెడిపోయిందో వాళ్ళకు తెలిసేదాకా చెబుతాను. అరగంట పడుతుంది. ఫిట్టర్లు గొణుగుతారు. ఇలా చెబుతుండగానే రెండుసార్లు నా లెక్క తప్పని నాకే తెలిసింది. 'అర్థం కాలేదప్పా' అని ఎవరైనా అంటే ఇదివరకు విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట వినగానే, ముందు నాకు అర్థమైందో లేదో చూసుకుంటాను.